కారుకు నాడి చూడటం ఎలా?



పూర్వం మన పల్లెల్లో వైద్యుడు ఇంటికి రాగానే మందు తీసేవాడు కాదు. ముందు మంచం పక్కన కూచునేవాడు. చెయ్యి పట్టుకుని నాడి చూసేవాడు. నాలిక చాపమనేవాడు. "జ్వరం ఎప్పటినుంచి? నిన్న ఏం తిన్నావు?" అని అడిగేవాడు. ఆ తరువాతే మందుల సంచీ విప్పేవాడు. ఈ నెల మనం కూడా అలాగే నాడి చూడబోతున్నాం. అయితే మన రోగి మనిషి కాదు, కారు!

"మా ఇంట్లో కారు లేదు గదా!" అని మీలో కొందరు అనుకోవచ్చు. ఫరవాలేదు. ఆటో అయినా, ట్రాక్టరు అయినా, స్కూటరు అయినా నాడి చూసే పద్ధతి ఒకటే. అదీగాక, ఇప్పుడు నేను చెప్పబోయే సంగతిలో తప్పు చేసినవాణ్ణి నేనే. మాస్టారు తప్పు చేశాడంటే వినటానికి పిల్లలకు ఎంత సరదాగా ఉంటుందో నాకు తెలియదా?

నేనుండేది రుద్రారంలో. ఇది హైదరాబాదు నుంచి బొంబాయి పోయే పెద్దరోడ్డు మీద, పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్య ఉన్నది. ఈ రోడ్డును ఇదివరకు 9వ నంబరు జాతీయ రహదారి అనేవారు. ఇప్పుడు దాని నంబరు 65. మా గణేశ్ గడ్డ దేవాలయం ముందు బండి ఆపి, దణ్ణం పెట్టుకుని పోయే డ్రైవర్లు చాలామంది. దగ్గరలోనే పాశమైలారం పారిశ్రామికవాడ. అందుచేత మా ఊళ్లో తెల్లవారటం కోడికూతతో కాదు, షిఫ్టుకు పోయే బండ్ల చప్పుడుతో.

మా వీధిలో ఒక డ్రైవరు ఉన్నాడు. అతనికి ఒక పాత డీజిలు కారు ఉన్నది. ఆ ఇంటికి అదే ఆధారం. తెల్లవారుజామున అయిదింటికి నలుగురు కార్మికులను ఎక్కించుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపుతాడు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లను ఇళ్లకు చేరుస్తాడు. ఒకరోజు బండి రాకపోతే ఆ నలుగురి హాజరూ పోతుంది. రెండు రోజులు రాకపోతే వాళ్లు ఇంకో బండి చూసుకుంటారు. వాళ్లను మాత్రం ఏమనగలం?

పోయిన పుష్యమాసంలో ఒకనాడు, ఇంకా చీకటి ఉండగానే ఆ డ్రైవరు మా తలుపు తట్టాడు.

"సారూ, జర వచ్చి చూడుండ్రి. బండి లేస్తలేదు."

నేను దుప్పటి కప్పుకుని బయటికి వచ్చాను. అతను తాళం తిప్పాడు. "టక్" మని ఒక్క చప్పుడు వచ్చింది. అంతే! మళ్లీ తిప్పాడు. మళ్లీ "టక్". నేను ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

"బాటరీ పోయిందయ్యా. చలికాలం గదా! మార్పించెయ్యి," అన్నాను.

అతను తనకు తెలిసిన మెకానిక్కుకు ఫోను చేశాడు. ఆ మెకానిక్కు కూడా బండిని చూడకుండానే అదే మాట అన్నాడు. ఇంతలో వీధిలో నలుగురు పోగై బండిని వెనకనుంచి తోశారు. అది కాస్త జోరందుకోగానే డ్రైవరు రెండో గేరులో క్లచ్చి వదిలాడు. ఇంజను గుర్రుమని లేచింది. ఆ పూటకు గండం గడిచింది.

తొమ్మిదింటికి అతను తిరిగివచ్చి పడుకున్నాడు. మధ్యాహ్నం లేచి చూస్తే బండి మళ్లీ "టక్" అన్నది. ఇక లాభం లేదని, చీటీ ఎత్తి కొడుకు పాలిటెక్నిక్ ఫీజుకని దాచిన డబ్బులోంచి అయిదువేలు జేబులో పెట్టుకుని, బాటరీ కొనటానికి పటాన్‌చెరు బయలుదేరాడు. నేను మా అరుగు మీదే ఉన్నాను. అతని కూతురు, ఎనిమిదో తరగతి పిల్ల, తండ్రి వెనకనే నిలబడి ఉన్నది. ఆ పిల్ల నా వంక తిరిగి అడిగింది:

"సారూ, బాటరీ అయిపోతే హారను గంత గట్టిగ ఎట్ల మోగుతున్నది?"

నా దగ్గర జవాబు లేదు. తెల్లవారుజామున తొందరలో అతను ఇరుగుపొరుగును పిలవటానికి హారను కొట్టాడు. వీధివీధంతా లేచింది. ఆ మోత నేనూ విన్నాను. విన్నాను గాని, దాన్ని గురించి ఆలోచించలేదు. ముప్పై అయిదేళ్లకు పైగా "ముందు చూడండి, తరువాత చెప్పండి" అని పిల్లలకు బోధించినవాణ్ణి, చూడకుండానే చెప్పాను! అయిదువేలు నా జేబులోవి కావు గనక ఆ మాట అంత తేలికగా వచ్చిందేమో.

"ఒక్క గంట ఆగవయ్యా," అన్నాను డ్రైవరుతో. ముగ్గురం కారు దగ్గరికి వెళ్లాం.

పిల్లలూ, కారు లేవాలంటే మూడు పనులు జరగాలి. ఒకటి: సెల్ఫ్ అనే చిన్న విద్యుత్ మోటారు ఇంజనును గిరగిరా తిప్పాలి. రెండు: పెట్రోలో డీజిలో ఇంజనులోకి చేరాలి. మూడు: గాలితో కలిసిన ఆ నూనె సరిగ్గా సమయానికి అంటుకోవాలి. పెట్రోలు ఇంజనులో దాన్ని అంటించేది ప్లగ్గు నుంచి వచ్చే నిప్పురవ్వ. డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా నొక్కటంవల్ల పుట్టే వేడి.

కాబట్టి బండి లేవకపోతే మొదట అడగవలసిన ప్రశ్న ఇది: ఇంజను అసలు తిరుగుతున్నదా, లేదా? తిరుగుతున్నది గాని అంటుకోవటం లేదంటే తప్పు నూనెలోనో, గాలిలోనో, నిప్పులోనో ఉంటుంది. టాంకులో నూనె ఉన్నదో లేదో చూడటం అందరికన్నా ముందు చెయ్యవలసిన పని. నవ్వకండి, చాలా బండ్ల జబ్బు అదే! అసలు తిరగటమే లేదంటే తప్పు సెల్ఫ్‌కు విద్యుత్తు చేరే దారిలోనో, సెల్ఫ్‌లోనో ఉంటుంది.

మా డ్రైవరు బండి తిరగటం లేదు. కాని తోస్తే లేచింది. అంటే అర్థమేమిటి? ఇంజను బాగానే ఉన్నది, డీజిలు వస్తున్నది. ఇక మిగిలినవి మూడే: బాటరీ, సెల్ఫ్, ఆ రెంటికీ మధ్య దారి. చూశారా! చేతికి మసి కాకుండానే ముప్పాతిక కారును పక్కన పెట్టేశాం.

ఇప్పుడు ఆ పిల్ల అడిగిన ప్రశ్న. హారను మోగుతున్నది, దీపాలు వెలుగుతున్నాయి, సెల్ఫ్ మాత్రం తిరగటం లేదు. ఎందుచేత? దీనికి కాస్త లెక్క కావాలి. కారు ముందు దీపాలు రెండూ కలిసి సుమారు 120 వాట్లు అనుకోండి. బాటరీ 12 వోల్టులది. 120ని 12తో భాగిస్తే 10. అంటే దీపాలకు 10 ఆంపియర్ల విద్యుత్తు చాలు. హారనుకు అంతకన్నా తక్కువే. మరి సెల్ఫ్‌కో? చిన్న కారు సెల్ఫ్ కూడా 1200 వాట్లు అడుగుతుంది. అంటే 100 ఆంపియర్లు! దీపాలకు పదింతలు. తిరగటం మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ.

చెరువు కాలవను తలుచుకోండి. కాలవలో పూడిక పడితే నీళ్లు పూర్తిగా ఆగిపోవు. సన్నగా పారుతూనే ఉంటాయి. బిందె ముంచుకోవటానికి ఆ నీళ్లు చాలు. కాని పదెకరాల మడి తడవటానికి చాలవు. అప్పుడు "చెరువు ఎండిపోయింది" అనటం సబబేనా? చెరువు నిండుగానే ఉండవచ్చు. పూడిక కాలవలో ఉండవచ్చు.

బానెట్ ఎత్తి చూశాం. బాటరీకి పైన రెండు సీసపు మొనలు ఉంటాయి. వాటినే టెర్మినళ్లు అంటారు. ఒకదానికి కూడిక గుర్తు, రెండోదానికి తీసివేత గుర్తు వేసి ఉంటుంది. లావు తీగెల కొసన ఉండే క్లాంపులు ఈ మొనలను గట్టిగా పట్టుకుని ఉండాలి. మా బండిలో కూడిక గుర్తు ఉన్న మొన చుట్టూ తెల్లగా, అక్కడక్కడ మైలుతుత్తం రంగులో పొడి పేరుకుని ఉన్నది. మైలుతుత్తం రంగులో ఉండటం వింత కాదు. బాటరీలోంచి వచ్చే గంధకామ్లపు ఆవిరి రాగి తీగెను తింటే నిజంగా మైలుతుత్తమే పుడుతుంది. తెల్లపొడి ఆ ఆమ్లం సీసాన్ని తినగా పుట్టినది.

"దొరికింది!" అన్నాడు డ్రైవరు. కాని పొద్దున తొందరపడి తప్పు చేసినవాణ్ణి గనక నేను ఈసారి తొందరపడదలచలేదు. దుమ్ము కనపడినంత మాత్రాన అదే దొంగ అనుకోరాదు. ఋజువు కావాలి. మా ఇంట్లో ఒక మల్టీమీటరు ఉన్నది. వోల్టులు కొలిచే ఈ చిన్న పరికరం విద్యుత్ సామాన్లు అమ్మే ఏ కొట్లోనైనా కొద్ది వందలకు దొరుకుతుంది.

ముందు రెండు సీసపు మొనల మధ్య కొలిచాం. 12.6 వోల్టులు చూపింది. బాటరీలో ఆరు గదులు ఉంటాయి. నిండుగా ఉన్నప్పుడు ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరు రెళ్లు పన్నెండు, పైన ఆరు పదోవంతులు. కొన్ని గంటలు కదలకుండా ఉన్న బాటరీ 12.6 చూపితే నిండుగా ఉన్నట్టు. 12కు దిగితే చాలావరకు ఖాళీ అయినట్టు.

తరువాత డ్రైవరు తాళం తిప్పుతూ ఉంటే మొనల మధ్యనే మళ్లీ చూశాం. నీరసపడిన బాటరీ అయితే ఆ క్షణంలో ముల్లు జర్రున 9కో 8కో జారిపోవాలి. మా బాటరీ 12 దగ్గరే నిలబడింది. ఆఖరున, మీటరు తీగె ఒకటి సీసపు మొన మీదా, రెండోది ఆ మొనను పట్టుకున్న క్లాంపు మీదా ఆనించి, మళ్లీ తాళం తిప్పమన్నాను. రెండూ ఒకదాన్నొకటి తాకుతున్నాయి గదా! కొలత సున్నకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటితే అనుమానించవలసిందే. మాకు ఆరు వోల్టులకు పైగా చూపింది. బాటరీ ఇచ్చే దాంట్లో సగం ఆ గోరంత పొడి దగ్గరే ఆగిపోతున్నదన్నమాట!

ఆ పిల్ల మీటరు వంకా, తండ్రి వంకా చూసింది. తండ్రి జేబు తడుముకున్నాడు.

ఇక వైద్యం. దీన్ని డ్రైవరు చేశాడు, మేమిద్దరం చూశాం. మీరు కూడా పెద్దవాళ్ల పక్కన నిలబడి చూడండి గాని, ఒంటరిగా చెయ్యవద్దు. ముందు ఇంజను ఆపి, తాళం తీసేశాడు. చేతి ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టాడు. రబ్బరు తొడుగులు వేసుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకున్నాడు. పది నంబరు పానాతో తీసివేత గుర్తు ఉన్న క్లాంపును ముందు వదులు చేసి తీశాడు. కూడిక గుర్తుది తరువాత. ఈ వరస ఎందుకో తెలుసా? కారు ఇనప ఒళ్లంతా తీసివేత వైపుకు కలిపి ఉంటుంది. ముందుగా కూడిక వైపు విప్పుతుంటే, పానా పొరపాటున ఇనప ఒంటికి తగిలిందా, పెద్ద మెరుపుతో విద్యుత్తు అంతా దానిగుండా పోతుంది. పానా ఎర్రగా కాలిపోగలదు. తీసివేత వైపు ముందు విప్పితే ఆ దారి తెగిపోతుంది. మళ్లీ బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది: కూడిక ముందు, తీసివేత చివర.

అమ్మాయి ఇంట్లోంచి వంటసోడా తెచ్చింది. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు సోడా కలిపి ఆ పొడి మీద కొద్దికొద్దిగా పోస్తే బుసబుసమని పొంగింది. ఆమ్లమూ సోడా కలిసి బొగ్గుపులుసు వాయువు పుట్టటమే ఆ పొంగు. పొంగటం ఆగిందంటే ఆమ్లం విరిగిపోయిందని గుర్తు. పాత పళ్లబ్రష్షుతో తోమి, శుభ్రమైన నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచాడు. మొనలనూ క్లాంపులనూ గరుకు కాగితంతో రుద్దితే సీసం తళతళలాడింది. క్లాంపులు బిగించి, గాలీ తేమా తగలకుండా పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాశాడు.

డ్రైవరు లోపల కూచుని తాళం తిప్పాడు. ఈసారి "టక్" లేదు. బండి ఒక్క పట్టున లేచింది! జేబులో డబ్బు జేబులోనే ఉన్నది. ఆ నెలాఖరున పిల్లవాడి ఫీజు కట్టారు.

పిల్లలూ, ఈ పనికి మూడు వస్తువులు అక్కరకు వచ్చాయి. మీటరు, పానా, వంటసోడా. కాని వాటన్నిటికన్నా ముందు అక్కరకు వచ్చింది ఒక ప్రశ్న. ఇటువంటి ప్రశ్నలు మనకు కంటినుంచీ, చెవినుంచీ, ముక్కునుంచీ వస్తాయి. ఏ అవయవం ఏం చెబుతుందో కాస్త చూద్దాం.

కన్ను: రాత్రి కారు నిలబెట్టిన చోట పొద్దున నేల చూడండి. శుభ్రమైన నీటి చుక్కలయితే బెంగలేదు. చల్లని గాలి యంత్రం నడిచినప్పుడు గాలిలో తేమ నీరయి కారుతుంది. చల్లని మంచినీళ్ల చెంబుకు బయట చెమట పట్టినట్టే. నల్లగానో గోధుమరంగుగానో జిడ్డుగా ఉంటే ఇంజను ఆయిలు. పచ్చగానో ఎర్రగానో రంగునీళ్లలా ఉంటే ఇంజనును చల్లబరిచే కూలెంట్. అది తియ్యగా ఉండే విషం. కుక్కపిల్లలు నాకకుండా కడిగెయ్యండి.

టైర్లను కూడా కన్ను చదవగలదు. రెండు అంచులూ అరిగి నడుమ బాగుంటే, గాలి తక్కువతో నడిపారని అర్థం. నడుమ అరిగి అంచులు బాగుంటే, గాలి మరీ ఎక్కువ కొట్టారు. ఒక పక్క అంచే అరిగితే చక్రాలు వంకరగా నిలబడి ఉన్నాయి, అలైన్‌మెంట్ చూపించాలి. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే టైరు మార్చవలసిందే. ఆ లోతు దగ్గర గాడిలో చిన్న రబ్బరు గట్టు ఉంటుంది. టైరు దానితో సమంగా అరిగిందంటే దాని ఆయువు తీరినట్టే. ఎంత గాలి కొట్టాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ అంటించి ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. ఎండాకాలం బొంబాయి రోడ్డు మీద పేలే టైర్లలో గాలి తక్కువై, వంగి వంగి వేడెక్కినవి ఎన్నో!

చెవి: బ్రేకు తొక్కినప్పుడల్లా కీచుమంటే బ్రేకు పాడ్లు అరిగి ఉండవచ్చు. గరగరమని ఇనుము రాసుకున్న చప్పుడయితే ఇక ఆలస్యం చెయ్యరాదు. చక్రం తిరిగే కొద్దీ ఒకే వరసలో "టిక్, టిక్" అంటే టైరులో రాయో మేకో ఉన్నదేమో చూడాలి. మేకు కనపడితే అక్కడే పీకకండి. గాలంతా పోతుంది. పంక్చరు కొట్టు దగ్గరే తీయించాలి.

ముక్కు: పెట్రోలు వాసన వస్తే ఇంజను ఆపి, దూరంగా వెళ్లి, పెద్దవాళ్లకు చెప్పండి. రబ్బరు కాలిన వాసన వస్తే బెల్టో తీగెలో వేడెక్కుతున్నాయి. అయితే ముక్కును మోసగించే విషవాయువు ఒకటి ఉన్నది. పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. మూసిన షెడ్డులో ఇంజను నడిపితే అది నిమిషాలలో ప్రాణం తీయగలదు. ఇంజను నడిచేటప్పుడు తలుపులు తెరిచి ఉంచటం కాదు, బండినే బయటికి తేవాలి.

ఇక మిగిలింది చెయ్యి. చేతికి నేర్పవలసిన మొదటి విద్య, దేన్ని ముట్టుకోరాదో తెలుసుకోవటం. వేడెక్కిన ఇంజనులో రేడియేటరు మూత తీయరాదు. నీరు 100 డిగ్రీలకు మరుగుతుందని మీకు తెలుసు. మూత బిగించి లోపలి ఒత్తిడి పెంచితే 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ సంగతి ఇదే. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి, ఆ నీరంతా ఒక్కసారిగా ఆవిరయి ముఖం మీదికి లేస్తుంది. బండి ఆపి, చల్లారేదాకా ఆగటమే మందు. జాకీ మీద ఎత్తిన బండి కింద దూరరాదు. జాకీ చక్రం మార్చటానికే గాని, కింద పడుకునేవాణ్ణి కాపాడటానికి కాదు. బాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. అందులోంచి వెలువడే హైడ్రోజన్ వాయువు పేలుతుంది. బ్రేకు తొక్కితే కాలు మెత్తగా కిందికి దిగిపోతున్నదంటే ఆ బండిని అడుగు కూడా కదపరాదు. విద్యుత్తుతోనే నడిచే కార్లలో నారింజరంగు లావు తీగెలు ఉంటాయి. వాటిలో వందల వోల్టులుంటాయి. వాటి జోలికి పెద్దవాళ్లు కూడా పోరాదు, ఆ పని నేర్చినవాళ్లే చూడాలి.

"ఈ కాలపు కార్లలో అంతా కంప్యూటరే గదా, నాడి చూడటం ఎందుకు?" అని కొందరు పెద్దలు అడుగుతారు. నిజమే. అమెరికాలో 1996 నుంచి అమ్మిన ప్రతి కొత్త కారులోనూ ఒకే రకం అమరిక ఉన్నది. చిన్న యంత్రం తగిలిస్తే కారు తన బాధను అంకెలలో చెబుతుంది. ఇప్పుడు మన దేశపు కార్లలోనూ ఉన్నది. కాని ఆ అంకె "ఫలానా గదిలో గొడవ జరుగుతున్నది" అని మాత్రమే చెబుతుంది. గొడవ ఎవరు మొదలుపెట్టారో మనమే విచారించాలి. అంకె చూసి సామాను మార్చేవాడికీ, బండి చూడకుండా బాటరీ మార్చమన్న నాకూ తేడా ఏమున్నది?

మొట్టమొదట కారులో దూరప్రయాణం చేసినామెకు అంకెలు చెప్పే యంత్రమేదీ లేదు. ఆమె పేరు బెర్తా బెంజ్. జర్మనీ దేశంలో కార్ల్ బెంజ్ అనే ఇంజనీరు పెట్రోలుతో నడిచే మూడు చక్రాల బండి చేశాడు. కాని దాన్ని ఎవరూ నమ్మి కొనటం లేదు. 1888 ఆగస్టులో ఒకనాటి తెల్లవారుజామున ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఆ బండి మీద బయలుదేరింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, నూరు కిలోమీటర్లకు పైగా దూరం. దారిలో పెట్రోలు బంకు అన్న మాటే లేదు. వీస్లోఖ్ అనే ఊళ్లో మందుల కొట్లో దొరికే ఒక రకం శుద్ధిచేసిన నూనె కొని పోసింది. నూనె వచ్చే గొట్టం మూసుకుపోతే తన టోపీకి గుచ్చుకున్న పొడుగాటి సూదితో పొడిచి శుభ్రం చేసింది. నిప్పురవ్వకు విద్యుత్తు తెచ్చే తీగె ఒరుసుకుపోతే మేజోళ్లు జారకుండా కట్టుకున్న పట్టీని దానికి చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఎత్తు ఎక్కలేకపోతే కొడుకులు దిగి తోశారు. ఇంటికి వచ్చాక ఆమె చెప్పిన మీదట, ఎత్తులు ఎక్కటానికి బండికి ఇంకొక గేరు అమర్చారు. చూశారా! ఆమె ప్రతిచోటా ముందు ఏది ఆగిందో చూసింది, తరువాత చేతికి అందినదానితో బాగుచేసింది.

మా డ్రైవరు బండి కథ ఇంకా కొంచెం ఉన్నది. ఆనాటి నుంచి ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టింది. ప్రతి ఆదివారం పొద్దున, బండి కదలకముందు బాటరీ వోల్టులు, టైర్ల గాలి, ఆయిలు మట్టం రాసేది. నాలుగు నెలలు 12.6, 12.5 అని ఉన్నది. ఆషాఢంలో 12.2, 12.0, 11.8 అని దిగటం మొదలుపెట్టింది. ఇంజను నడుస్తున్నప్పుడు కొలిస్తే 14 వోల్టులు వస్తున్నది. అంటే బాటరీని నింపే ఆల్టర్నేటరు సరిగానే పనిచేస్తున్నది. టెర్మినళ్లు తళతళలాడుతున్నాయి. రాత్రి లోపలి దీపాలేవీ వెలిగి ఉండటం లేదు. బాటరీని పూర్తిగా చార్జి చేయించినా రెండోనాటికి మళ్లీ దిగిపోయింది.

ఆ పిల్ల పుస్తకం తెచ్చి నాకు చూపించింది.

"ఈసారి బాటరీనే సారూ," అన్నది.

ఈసారి నేను తొందరపడలేదు. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. "అవునమ్మా, బాటరీయే," అన్నాను. దాని ఆయువు తీరిపోయింది. బాటరీలు చిరంజీవులు కావు. డ్రైవరు ఒక నెల ముందే సంగతి తెలుసుకున్నాడు గనక అప్పు చెయ్యకుండా కొద్దికొద్దిగా డబ్బు కూడబెట్టి కొత్తది కొన్నాడు. పాతదాన్ని కొట్లోనే ఇచ్చేశాడు. అందులోని సీసం విషం. పారెయ్యరాదు, కరిగించి మళ్లీ వాడతారు. ఒక్క రోజు కూడా షిఫ్టు తప్పలేదు.

పుష్యమాసంలో నేనన్నదీ "బాటరీ" అనే, ఆషాఢంలో ఆ పిల్ల అన్నదీ "బాటరీ" అనే. మాట ఒకటే. కాని నాది ఊహ, ఆ పిల్లది తెలివిడి. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క నోటుపుస్తకం.

ఈ నెల మీరు చెయ్యవలసిన పని ఇది. ఆదివారం పొద్దున, పెద్దవాళ్లను అడిగి, మీ ఇంటి బండినో పక్కింటి బండినో చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. స్కూటరయినా సరే. నేల మీద చుక్కలున్నాయా? టైరు ఎక్కడ అరిగింది? స్టెప్నీలో గాలి ఉన్నదా? తాళం తిప్పగానే ఏయే గుర్తుల దీపాలు వెలుగుతున్నాయి, ఇంజను లేచాక ఏవి ఆరుతున్నాయి? ఎర్రదీపం ఆరకపోతే బండి కదపవద్దని చెప్పండి. పసుపుదీపం ఆరకపోతే త్వరలో మెకానిక్కుకు చూపించమని చెప్పండి. అన్నీ తారీఖు వేసి రాయండి. దేన్నీ విప్పకండి. కళ్లతో చూడండి, చెవులతో వినండి, అనుమానం వస్తే అడగండి.

మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేక ఏ మాస్టారయినా తెల్లమొహం వేస్తే, మీరు సరైన దారిలో ఉన్నారన్నమాట!